లెక్కలో సున్నా.. నేలలో ఫ్లోరైడ్
నల్లగొండ నీటి కథకు ముగింపు వచ్చినట్లేనా?

నల్లగొండ : ఒకప్పుడు ఈ జిల్లా నుంచి సంబంధం వచ్చిందంటే ముందుగా ఏ ఊరి నీళ్ళు తాగి పెరిగారని అడిగేవారు. గారపళ్ళు కనిపిస్తే చాలు, మునుగోడు వైపు వారా, మర్రిగూడ వైపు వారా అని ఆరా తీసేవారు. నీళ్ళను బట్టి మనిషిని గుర్తుపట్టే దుస్థితి దేశంలో చాలా కొద్ది ప్రాంతాలకే ఉన్నది. వాటిలో నల్లగొండ పేరు ముందు వరసలో నిలిచింది.

అటువంటి జిల్లా ఉన్న తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాల సంఖ్య సున్నాకు చేరిందని 2020లో కేంద్ర జలశక్తి మంత్రిత్వ శాఖ లెక్కలు తెలిపాయి. ఇది చిన్న విషయం కాదు. మూడు తరాల ప్రజలు ఎదురుచూసిన మాట అది. అయితే ఆ సున్నా దేనిని కొలిచిన సున్నా అన్న ప్రశ్నకు సరైన జవాబు తెలుసుకోనిదే సంతోషించడానికి లేదు. ఫ్లోరైడ్ లేని నీటిని ప్రభుత్వం గొట్టాల ద్వారా అందిస్తున్నది గనుక ఆ ఊళ్ళు జాబితాలో నుంచి తొలగిపోయాయి. అంతేగాని భూమి అడుగున ఉన్న నీటిలో నుంచి ఫ్లోరైడ్ తొలగిపోలేదు. బోరు వేస్తే నేటికీ అదే నీరు పైకి వస్తుంది.

రాతిలోనే ఉన్నది

ఫ్లోరైడ్ ఏ ఫ్యాక్టరీ వదిలిన విషమూ కాదు, ఎవరో కలిపిన కల్తీ కాదు. దక్కను పీఠభూమిలోని గ్రానైటు, నైసు శిలల్లో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు సహజంగానే ఉన్నాయి. వాన నీరు పగుళ్ళ గుండా దిగి ఏళ్ళ తరబడి రాతిని ఒరుసుకుంటూ నిలిస్తే ఆ ఖనిజం కొద్దికొద్దిగా కరుగుతుంది. నీటిలో సున్నపు అంశం తక్కువగా, క్షారగుణం ఎక్కువగా ఉన్నచోట మరింత కరుగుతుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ అయిన మెట్ట ప్రాంతాల్లో ఈ నీరు పలచబడే అవకాశం కూడా తక్కువే.

తాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండవచ్చునని, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చునని భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు కూడా ఒకటిన్నర మిల్లీగ్రాములే. నల్లగొండ పడమటి మండలాల్లోని కొన్ని బావుల్లో ఈ హద్దుకు ఎన్నో రెట్లు కనిపించింది.

ఈ నీటికి రంగు లేదు, వాసన లేదు, రుచిలో తేడా తెలియదు. కాచితే పోదు సరికదా, నీరు ఆవిరై మిగిలిన దానిలో ఫ్లోరైడ్ మరింత చిక్కబడుతుంది. క్లోరిన్ కలిపినా పోదు. తాగేవారికి తెలియకుండానే ఎముకల్లో పేరుకుంటుంది. పళ్ళు తయారయ్యే పసివయసులో ఈ నీరు తాగిన పిల్లలకు పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు చారలు పడి జన్మంతా ఉండిపోతాయి. వయసు పెరిగే కొద్దీ మెడ తిరగదు, నడుము వంగదు. కీళ్ళను పట్టి ఉంచే నరాల వంటి కట్లు కూడా గట్టిపడి ఎముకలాగా మారతాయి. చివరకు మనిషి వంగిన వాడు వంగినట్లే ఉండిపోతాడు.

మొదట తెలిసినది నెల్లూరు సీమలో

ఈ వ్యాధి తెలుగునాట వెలుగులోకి వచ్చినది నల్లగొండలో కాదు. నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో, నేడు ప్రకాశం సీమగా పిలుస్తున్న మెట్ట ప్రాంతంలో, దీనిని గుర్తించిన షార్ట్ తదితర వైద్యులు 1937లో భారత వైద్య పరిశోధనా పత్రికలో వివరాలు ప్రకటించారు. నిజాం పాలనలోని నల్లగొండలో కూడా ఇదే జబ్బు ఉన్నదని 1940లలో తేలింది. అంటే స్వాతంత్ర్యం రాకముందే ఇది మన వైద్యులకు తెలిసిన సంగతి. తెలిసిన తర్వాత నల్లా నీరు ఇంటి ముందుకు రావడానికి సుమారు 70 ఏళ్ళు పట్టింది.

ఒక మేలు, ఒక కీడు

ఈ ఆలస్యం ఒక ఎత్తు కాగా, మధ్యలో జరిగిన మరొక పరిణామం ఇంకొక ఎత్తు. 1966-67 కరువు తర్వాత గట్టి రాతి నేలల్లో బోర్లు వేసే యంత్రాలు దేశానికి వచ్చాయి. యునిసెఫ్ ఇందుకు సాయపడింది. 1970ల చివరికి ఇండియా మార్క్-2 చేతి పంపు రూపుదిద్దుకున్నది. 1981 నుంచి 1990 వరకు ఐక్యరాజ్యసమితి ప్రకటించిన తాగునీటి దశాబ్దంలో పల్లె పల్లెకు బోరింగులు వెలిశాయి.

వాటి వల్ల జరిగిన మేలును కాదనడానికి లేదు. అప్పటివరకు జనం మెట్లు దిగి కాళ్ళు తడుపుకుంటూ నీళ్ళు ముంచుకునే దిగుడు బావులే దిక్కుగా ఉండేవి. ఆ బావుల నుంచే నారి కురుపు సోకేది. బోరింగులు వచ్చి, దిగుడు బావులు మూతపడి, నారి కురుపు దేశం నుంచి తుడిచిపెట్టుకుపోయింది. 1996లో చివరి కేసు నమోదు కాగా, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని ఆ జబ్బు లేని దేశంగా ధ్రువీకరించింది.

కాని పైపై బావి నీటికి, లోతు బోరు నీటికి తేడా ఉన్నది. లోతుకు పోయిన కొద్దీ నీరు రాతిలో ఎక్కువ కాలం నిలిచి ఉంటుంది. ఫ్లోరైడ్ కూడా సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. క్రిములు లేని నీరే మంచినీరు అని భావించిన రోజుల్లో బోరు వేసే ముందు నీటిలోని లవణాలను పరీక్షించాలన్న పట్టింపు తక్కువగా ఉండేది. పురుగు నుంచి కాపాడిన బోరింగే కొన్ని ఊళ్ళలో ఎముకలకు చేటు తెచ్చింది. సాగుకోసం పోటీపడి బోర్లు వేయడంతో నీటిమట్టం ఇంకా కిందికి దిగి సమస్య మరింత ముదిరింది.

జొన్న, ఆనకట్ట, మోకాళ్ళు

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో 'లాన్సెట్' వైద్య పత్రికలో ప్రకటించిన పరిశీలన జిల్లా పేరును ప్రపంచ వైద్యుల దృష్టికి తెచ్చింది. ఎదిగే వయసు పిల్లల్లో మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానినొకటి రాసుకునే వైకల్యాన్ని వారు ఇక్కడ చూశారు. పెద్దవారిలో కనిపించే బిగుసుకుపోయే ఫ్లోరోసిస్‌కు ఇది భిన్నం. వెన్నెముక గట్టిపడుతుండగా కాళ్ళ ఎముకలు గుల్లబారడం ఇందులోని విశేషం.

ఆ తర్వాతి పరిశోధనలు తిండి వైపు మళ్ళాయి. జొన్న ప్రధానాహారంగా ఉన్నవారి శరీరంలో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తున్నట్లు కనిపించింది. క్షార నేలల్లో పండిన జొన్నలో మాలిబ్డినం అనే మూలకం ఎక్కువగా ఉండి, శరీరంలోని రాగిని బయటకు పంపిస్తున్నదని, ఎముకల బలహీనతకు ఇదొక కారణం కావచ్చునని శాస్త్రవేత్తలు భావించారు.

ఇందులో ఆనకట్ట ప్రసక్తి కూడా వచ్చింది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాల్వలకు నీరు వదిలారు. జలాశయం, కాల్వల నుంచి ఊరిన నీటి వల్ల కొన్నిచోట్ల భూగర్భ జలమట్టం పెరిగి, నేలలో క్షారగుణం హెచ్చి, మూలకాల పాళ్ళు మారి ఉండవచ్చునని వారు ఊహించారు. ఇటువంటి వైకల్యమే ఇతర పెద్ద ఆనకట్టల చుట్టుపక్కల పల్లెల్లో కూడా కనిపించడం వారి ఊహకు బలమిచ్చింది. ఇది నిరూపితమైన తీర్పు కాదు. అయితే ఒక పెద్ద పథకం కట్టేటప్పుడు ఎకరాలు, మెగావాట్లతో పాటు తాగేనీటి గుణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలన్న పాఠం మాత్రం మిగిలింది.

ఊరి పేరుతో ఒక పద్ధతి

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనా సంస్థ, అంటే నీరి, 1970లలో ఫ్లోరైడ్‌ను తొలగించే చవక పద్ధతిని రూపొందించింది. ఆ పద్ధతికి ఈ జిల్లా పేరే పెట్టారు. శాస్త్ర గ్రంథాల్లో దానిని నేటికీ 'నల్లగొండ పద్ధతి' అనే అంటారు.

పద్ధతి సులువైనది. నీటిలో తగిన పాళ్ళలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలిపి కలియబెట్టాలి. పటిక నీటిలో తెల్లని తెట్టులాగా విచ్చుకుని ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది. కాసేపు కదపకుండా ఉంచితే అది అడుక్కు దిగుతుంది. పైన తేరిన నీటిని వడగట్టి వాడుకోవాలి. బకెట్టుతో ఇంట్లోనూ చేయవచ్చు, పెద్ద తొట్టితో ఊరంతటికీ చేయవచ్చు. తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా, ఇథియోపియా దేశాల్లో కూడా ఈ పద్ధతిని ప్రయోగించారు.

అయితే నీరు ఒక్కో బావిలో ఒక్కో తీరుగా ఉంటుంది. అందుకు తగినట్లు పటిక పాళ్ళు మార్చాలి. తక్కువైతే ఫ్లోరైడ్ పోదు, ఎక్కువైతే అల్యూమినియం మిగులుతుంది. అడుగున దిగిన మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది మరొక చిక్కు. పొద్దున లేచి కూలికి పోయే ఇల్లాలు రోజూ పటిక తూచి, కలిపి, తేర్చి, వడగట్టి నీళ్ళు తాగించాలనడం చెప్పినంత తేలిక కాదు. ఊరి ప్లాంట్లకు పటిక కొనేవారు, నడిపేవారు లేకపోతే అవి మూలన పడతాయి. ప్రయోగశాలలో గెలిచిన పద్ధతి పల్లెలో నిలవకపోవడానికి కారణం శాస్త్రం కాదు, నిర్వహణ. ఈ మాట తర్వాతి పథకాలకు కూడా వర్తిస్తుంది.

1986లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన తాగునీటి సాంకేతిక మిషన్‌లో నారి కురుపు నిర్మూలనతో పాటు ఫ్లోరోసిస్ నివారణను కూడా ఒక ఉప కార్యక్రమంగా చేర్చారు. ఆ మిషన్‌కు 1991లో రాజీవ్ గాంధీ పేరు పెట్టారు. 2008-09లో ఆరోగ్య శాఖ ఫ్లోరోసిస్ నివారణకు ప్రత్యేక జాతీయ కార్యక్రమాన్ని మొదలుపెట్టి, తొలి విడతగా ఎంచుకున్న అయిదు జిల్లాల్లో నెల్లూరును చేర్చింది.

480 మంది అభ్యర్థులు

మందులతో, పటికతో ఇది పోయేది కాదని, కృష్ణా నది నీరు తెచ్చి ఇస్తే తప్ప జిల్లాకు విముక్తి లేదని ప్రజలకు అర్థమయింది. కృష్ణ జిల్లా సరిహద్దునే పారుతున్నది. సాగర్ ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు మాగాణి పండుతున్నది. ఎత్తున ఉన్న మునుగోడు, దేవరకొండ వైపు మాత్రం ఫ్లోరైడ్ బోర్లే గతి.

దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వాన జల సాధన సమితి చేసిన ఆందోళన 1996 లోక్‌సభ ఎన్నికల్లో దేశాన్ని నివ్వెరపరిచింది. నల్లగొండ స్థానానికి ఏకంగా 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. అంతమంది పేర్లతో బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. పోలింగ్‌ను వాయిదా వేయక తప్పలేదు. చివరకు కమ్యూనిస్టు నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం గెలుపొందారు.

గెలవడానికి కాదు, వినిపించడానికి వేసిన నామినేషన్లవి. ఆ ఏడాదే ఎన్నికల చట్టాన్ని సవరించి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెంచారు. చట్టం మారినంత త్వరగా నీళ్ళు రాకపోవడం గమనార్హం.

2004 నాటికి సాగర్ జలాశయం నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీరు ఇదే జిల్లా మీదుగా పెద్ద గొట్టాల్లో హైదరాబాదు చేరింది. రాజధాని దాహం తీర్చే గొట్టం తమ నేల మీదుగా పోతుండగా తాము బోరు నీరు తాగవలసి రావడం ఈ ప్రాంతవాసుల మనసులో ముల్లులాగా ఉండిపోయింది.

గొట్టం వచ్చింది

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తర్వాత ఇంటింటికీ నల్లా ద్వారా శుద్ధి చేసిన నది నీరు ఇవ్వాలన్న మిషన్ భగీరథ పథకానికి 2015 జూన్‌లో ఈ జిల్లాలోని చౌటుప్పల్‌లోనే పైలాన్ ఆవిష్కరించారు. 2016 ఆగస్టులో గజ్వేల్ సమీపాన కోమటిబండలో తొలి దశను ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. ఆ ఏడాది అక్టోబరులో పాత నల్లగొండ జిల్లా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అని మూడుగా విడిపోయింది.

దేశం మొత్తానికి ఇదే తీరున ఇంటింటి నల్లా ఇవ్వడానికి 2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్ ప్రకటించారు. అప్పటికి దేశంలో 3 కోట్ల 23 లక్షల గ్రామీణ కుటుంబాలకు మాత్రమే నల్లాలు ఉండగా, 2025 నాటికి ఆ సంఖ్య 15 కోట్లు దాటింది. 2024తో ముగియవలసిన గడువును 2025 బడ్జెట్‌లో 2028 వరకు పొడిగించారు.

నది నీరు ఫ్లోరైడ్ లెక్కను మార్చివేస్తుందనడంలో సందేహం లేదు. ఇప్పుడు పెరుగుతున్న పిల్లలు పుట్టినప్పటి నుంచి నల్లా నీరే తాగితే వారికి గారపళ్ళు రావు. అంతకన్నా గట్టి రుజువు మరొకటి ఉండదు. అందుకే బడికి వెళ్ళే చిన్నపిల్లల పళ్ళను ఏటా పరీక్షించి లెక్క కట్టడం అవసరం. కాగితం మీది సున్నా నిజమైన సున్నా అవునో కాదో ఆ పళ్ళే చెబుతాయి.

ఎక్కడ జారితే మళ్ళీ మొదటికే

గొట్టపు నీటికి తన ఇబ్బందులు తనకున్నాయి. నదిలో నీరుండాలి, దానిని పైకి తోడే మోటార్లకు కరెంటు ఉండాలి, శుద్ధి కేంద్రం నడవాలి, లైను పగిలితే వెంటనే అతకాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా ఆ రోజు ఇల్లాలు బిందె పట్టుకుని పాత బోరింగు దగ్గరకే పోతుంది. నాలుగు రోజులు అక్కడికి పోయిన కాళ్ళు ఐదో రోజు కూడా అటే పోతాయి. నల్లా నీటి రుచి నచ్చక, లేదా నమ్మకం చాలక, డబ్బు పెట్టి ప్లాంటు నీళ్ళ క్యాన్లు కొనుక్కునేవారూ ఉన్నారు. ప్లాంటు యంత్రం ఫ్లోరైడ్‌ను తీసివేయగలదు. కాని అది వదిలే వృథా నీటిలో ఫ్లోరైడ్ చిక్కబడి మళ్ళీ నేలలోకే పోతుంది.

తాగేది నది నీరైనా, పొలం దగ్గర దాహానికి బోరు నీరే తాగే కూలీలు, పశువుల కాపరులు ఉన్నారు. కూరగాయలకు, పశువులకు అందేది భూగర్భ జలమే.

సాగుకు కూడా నది నీరు అందితే బోర్ల మీద భారం తగ్గి, భూగర్భ జలం కొంతైనా పలచబడుతుంది. ఆ ఆశతోనే మర్రిగూడ మండలం శివన్నగూడ వద్ద డిండి ఎత్తిపోతల పథకానికి 2015లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం నుంచి 30 టీఎంసీల నీటిని ఎత్తిపోతలు లేకుండా జిల్లాకు తేవడానికి తలపెట్టిన సుమారు 44 కిలోమీటర్ల ఎస్‌ఎల్‌బీసీ సొరంగం ఏళ్ళ తరబడి సాగుతూనే ఉన్నది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు సొరంగం కప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుని ప్రాణాలు కోల్పోయారు. బతుకుతెరువుకు పరాయి రాష్ట్రాల నుంచి వచ్చిన శ్రామికులు కూడా అందులో ఉన్నారు. నల్లగొండ నీటి కోసం చెల్లించిన మూల్యంలో వారి పేర్లు కూడా చేరాయి.

వంగిన నడుములకు ఏమిటి దారి?

మంచినీరు రేపటి తరాన్ని కాపాడుతుంది. ఇప్పటికే వంగిన ఎముకను తిన్నగా చేయలేదు. ముదిరిన ఫ్లోరోసిస్‌ను పూర్తిగా నయం చేసే మందు లేదు. కొందరికి శస్త్రచికిత్సతో కాళ్ళ వంకర సరిచేయవచ్చు. నొప్పి తగ్గించే వైద్యం, వ్యాయామ చికిత్స కొంత ఉపశమనం ఇస్తాయి. పాలు, ఆకుకూరలు, సి విటమిను ఉన్న పండ్లు తీసుకుంటే కొత్తగా చేరే ఫ్లోరైడ్ ప్రభావం తగ్గుతుందని వైద్యులు చెబుతారు. నల్ల ఉప్పు, డికాక్షన్ టీ తగ్గించమంటారు. మన వంటింటి చింతపండు తీసుకున్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటకు పోతున్నట్లు జాతీయ పోషకాహార సంస్థ 2002లో ప్రకటించిన అధ్యయనం తెలిపింది. ఇది మందుకు బదులు కాదు, మంచినీటికి అసలే బదులు కాదు. అయినా పేదవానికి అందుబాటులో ఉన్న తోడు.

పింఛను విషయంలో మరొక చిక్కు ఉన్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో పేర్కొన్న 21 రకాల వైకల్యాల్లో ఫ్లోరోసిస్‌కు వేరుగా చోటు లేదు. కదలికల లోపం కింద కొలిపించుకుని, 40 శాతం ఉన్నదని తేలితేనే సర్టిఫికెట్ వస్తుంది. చెయ్యి, కాలు ఉండి కూడా మెడ తిప్పలేక, కింద కూర్చోలేక బాధపడే మనిషి కష్టం ఈ కొలతలో సరిగ్గా పడుతుందా అన్నది ఆలోచించవలసిన విషయం.

సున్నా అన్న లెక్కతో ఫైలు మూయకుండా మూడు పనులు జరగవలసి ఉన్నది. నల్లా నీటిని, పాత బోర్ల నీటిని క్రమం తప్పక పరీక్షించి ఫలితాన్ని పంచాయతీ గోడ మీద అందరికీ కనపడేలా రాయాలి. ఫ్లోరైడ్ బోరింగులకు ఎర్ర రంగు వేసి తాగరాదని గుర్తు పెట్టాలి. ఇప్పటికే వైకల్యం పాలైన వారిని ఊరూరా గుర్తించి, వారికి వైద్యం, పింఛను ఆఫీసుల చుట్టూ తిరగకుండా అందే ఏర్పాటు చేయాలి. వీటికి కొత్త పరిశోధన అక్కరలేదు, వేల కోట్లు అక్కరలేదు. కావలసినది ఏటికేడాది విడవని శ్రద్ధ. నల్లగొండ పద్ధతి పల్లెల్లో నిలవకపోవడానికి ఆ శ్రద్ధ లోపించడమే కారణం. మిషన్ భగీరథ నిలవడమన్నదీ దాని మీదనే ఆధారపడి ఉన్నది.